బాణసంచా వేడుకలు – చూపరుల విజ్ఞత

విజయదశమి సమీపించగానే కేసముద్రం ప్రాంతపు ఇండ్లలో ఏటేటా ఒక ప్రశ్న పుట్టుతుంది. వరంగల్లు నగరంలో, ఉర్సు రంగలీల మైదానంలో జరిగే రావణవధకు ఈ ఏడు పోదామా, మానుదామా అని. పిల్లలు పోదామని పట్టుబట్టుతారు. అంతటి జనసమ్మర్దంలో పసివాళ్లను వెంటబెట్టుకొని ఎట్లా అని అమ్మమ్మలు, నాయనమ్మలు సందేహిస్తారు. ఇరువురి మాటలోనూ న్యాయమున్నది.

బాణసంచా వేడుక చూడదగినదే. మన పూర్వులు అయిదు వందల ఏండ్లకు పైగా కన్నులారా చూచి ఆనందించిన కళ అది. అయితే దాని చరిత్రను పరిశీలించిన వారికి ఒక విషయం మాటిమాటికీ ఎదురవుతుంది. చూపరి కన్ను ఆకాశం మీద ఉన్నప్పుడు అపాయం నేలమీద నుండి వచ్చినది. అదియును పెక్కుమార్లు వేడుక ముగిసే వేళనే వచ్చినది. ఆ చరిత్రను, దాని నుండి మనము గ్రహింపదగిన జాగ్రత్తలను ఈ ప్రసంగంలో శ్రోతలకు మనవి చేస్తాము.

ఈ కళ నడిచివచ్చిన దారి మన ఇంటి మాటలలోనే కొంత కనబడుతుంది. పిల్లలు దీపావళికి కొనే 'మతాబా' అనే మాటకు మూలం పారసీకంలోని మాహ్‌తాబ్, అనగా వెన్నెల. పైకి దూసుకొనిపోయే 'అవ్వాయిచువ్వ'లోని అవ్వాయి, గాలికి సంబంధించినదను అర్థం గల హవాయి నుండి వచ్చినది. చిచ్చుబుడ్డి అచ్చమైన తెలుగు. చిచ్చు అనగా నిప్పు. బాణం సంస్కృతం. నిజాము రాజ్యంలో ఈ వేడుకకంతటికీ ఆతష్‌బాజీ అనే పేరు వాడుకలో ఉండెడిది. ఇన్ని భాషల మాటలు ఒక్క పెట్టెలో చేరినవంటే, ఈ విద్య ఎన్ని దేశాల చేతులు మారి మన వాకిటికి వచ్చినదో ఊహించవచ్చును.

దీనికి మూలమైన మందు మూడు పదార్థాల కలయిక: సురేకారం, గంధకం, బొగ్గు. సురేకారాన్నే మనవారు పెట్లుప్పు అని కూడా అన్నారు. నూరుపాళ్లలో సుమారు 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం అన్నది తుపాకిమందుకు ప్రసిద్ధమైన కొలత. బొగ్గు, గంధకం మండే వస్తువులు. మండడానికి కావలసిన ప్రాణవాయువును సురేకారం తనలోనే దాచుకొని అందిస్తుంది. అందుచేతనే ఈ మందు బయటి గాలి తగలని గొట్టంలోనూ మండుతుంది. దీనిని మొట్టమొదట కనుగొన్నవారు చీనావారు. సుమారు 9వ శతాబ్దంలో అక్కడ పుట్టిన ఈ మందు క్రమంగా పశ్చిమాసియాకు, భారతదేశానికి, ఐరోపాకు వ్యాపించినది.

మన దక్షిణాపథంలో బాణసంచా ఉత్సవాన్ని కన్నులారా చూచి వ్రాసిపెట్టిన వారిలో అబ్దుర్ రజాక్ ముఖ్యుడు. హీరాతు నగరం నుండి పాలించిన షారుఖ్ పంపగా ఇతడు 1443లో విజయనగరానికి రాయబారిగా వచ్చినాడు. అప్పుడు సింహాసనం మీద ఉన్నవాడు రెండవ దేవరాయలు. ఆ ఏటి మహానవమి ఉత్సవాన్ని రజాక్ వర్ణిస్తూ, విశాలమైన మైదానంలో చిత్రాలతో అలంకరించిన మూడు, నాలుగు, అయిదు అంతస్తుల మంటపాలు నిలిపినారనీ, అక్కడ చూపిన నిప్పువేడుకలను వివరించబోతే గ్రంథం పెరిగిపోవుననీ వ్రాసినాడు. తరువాత సుమారు 1520 ప్రాంతంలో పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ శ్రీకృష్ణదేవరాయల మహానవమిని చూచినాడు. చీకటి పడిన పిమ్మట దివిటీలు వెలిగించి, ఆకాశబాణాలు వదలినారనీ, కాలుతూ తమలో నుండి బాణాలను, పేలుడు గుండ్లను వెదజల్లే కోటబొమ్మలను ఊరేగించినారనీ అతడు చెప్పినాడు. లోపల మందు నింపి కాల్చే బొమ్మ మనకు నిన్న మొన్నటిది కాదని ఇందువలన తెలుస్తున్నది.

పేస్ వ్రాతలో మరియొక విశేషమున్నది. ఉత్సవ ప్రాంగణానికి పోయే ద్వారాల వద్ద కర్రలు, తోలుకొరడాలు పట్టిన కావలివారు నిలిచి, తగినవారినే లోపలికి విడిచెడివారట. రాచరికపు దర్పం అందులో ఉన్నమాట నిజమే. అయినను, పెద్ద వేడుకకు వాకిలి ఎక్కడ, ఎందరు లోపలికి పోవచ్చును అన్న విచారం ఆనాటి నిర్వాహకులకు ఉండినదని మాత్రం గ్రహించవచ్చును.

బాణసంచా తయారీని గూర్చి అదే కాలంలో సంస్కృత గ్రంథం కూడా వెలువడినది. దాని పేరు కౌతుకచింతామణి. గ్రంథకర్త ప్రతాపరుద్రదేవుడు. ఓరుగల్లు ప్రాంతపు శ్రోతలకు ఆ పేరు వినగానే కాకతీయ ప్రతాపరుద్రుడు తలపునకు వస్తాడు. ఆయన రాజ్యం 1323లో ముగిసినది. ఈ ప్రతాపరుద్రుడు వేరు; 1497లో సింహాసనమెక్కిన ఒరిస్సా గజపతి, శ్రీకృష్ణదేవరాయలకు సమకాలికుడు. ఆ గ్రంథంలో కల్పవృక్ష బాణం, చంద్రజ్యోతి, పుష్పవర్తి మొదలైనవాటికి కావలసిన ద్రవ్యాలు, పాళ్లు చెప్పబడినవి. పుష్పవర్తి అనగా పువ్వు వత్తి. మన పిల్లలు చేతబట్టే కాకరపువ్వొత్తి పేరు దానికి ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి. ఈ సంగతులను లోకానికి వెల్లడించిన పండితుడు పి. కె. గోడే. భారతదేశంలో 1400 నుండి 1900 వరకు జరిగిన బాణసంచా చరిత్రను గూర్చిన ఆయన పరిశోధన 1953లో ప్రచురితమైనది.

బాణం వేడుకకే పరిమితం కాలేదు. ఇనుప గొట్టంలో మందు కూరి, పొడవైన వెదురు కర్రకు కట్టి మైసూరు సేనలు శత్రువుల మీదికి వదలినవి. 1780లో పొల్లిలూరు యుద్ధంలో, 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో వాటి ధాటిని ఆంగ్లేయులు చవిచూచినారు. పట్టుకొన్న బాణాలను తమ దేశానికి తీసుకొనిపోయి పరిశీలించినారు. అటుపిమ్మట విలియం కాంగ్రీవ్ తన యుద్ధబాణాలను రూపొందించినాడు. నేడు మన పిల్లవాడు సీసాలో నిలిపి వెలిగించే తారాజువ్వ ఆ వంశంలోనిదే. కర్రను సరిగా నిలుపకపోతే అది ఎటైనను పోగలదని ఈ యుద్ధకథ గుర్తుచేస్తుంది.

ఇక చూపరుల కథకు వస్తాము. ఐరోపాలో రాజుల పట్టాభిషేకాలకు, వివాహాలకు, సంధులకు నగరం నడుమ బాణసంచా ప్రదర్శించుట 17, 18 శతాబ్దాలలో ఆచారమైనది. 1770 మే 30వ తేదీ రాత్రి పారిస్ నగరంలో యువరాజు వివాహ సందర్భమున అట్టి ప్రదర్శన జరిగినది. ఆ యువరాజే పిదప పదునారవ లూయీ. వధువు పదునాలుగేండ్ల మారీ ఆంత్వానెత్. ప్రదర్శన ముగిసిన తరువాత మైదానం నుండి వెలుపలికి పోదలచిన జనమంతా రాయల్ వీధిలోనికి తిరిగినారు. ఎదుటి నుండి, దీపాలంకరణలు చూడవచ్చేవారు, బండ్లు అదే వీధిలోనికి వచ్చినవి. వీధి పనుల కొరకు త్రవ్విన గుంటలు చీకటిలో కనబడలేదు. ముందున్నవారు గుంటలలో పడగా, వెనుకనున్నవారు ఆ సంగతి తెలియక నెట్టినారు. ఆ రాత్రి 132 మంది మరణించినట్లు లెక్క తేలినది. ఆకాశంలోని వేడుక ముగిసిన పిమ్మట, ఇంటికి పోయే త్రోవలో వారు ప్రాణాలు కోల్పోయినారు.

ఇది పాతకాలపు మాట యనుకోరాదు. 231 ఏండ్ల తరువాత, 2001 జూలై 21న జపానులోని అకాషి పట్టణంలో వేసవి బాణసంచా పండుగ జరిగినది. సముద్రతీరానికి, అసాగిరి రైలు స్టేషనుకు నడుమ ఒక నడవంతెన ఉన్నది. వేడుక ముగియగానే స్టేషనుకు మరలేవారు, తీరానికి పోయేవారు ఆ వంతెన మీద ఎదురెదురుగా తారసిల్లినారు. ఆ ఒత్తిడిలో 11 మంది చనిపోయినారు. వారిలో 9 మంది పిల్లలు. పారిస్‌లో వీధి, అకాషిలో వంతెన. కారణం మాత్రం ఒక్కటే. ఇరుకైన దారిలో రెండు ప్రవాహాలు ఎదురైనవి.

నడుమ కాలంలో బాణసంచా రూపం చాల మారినది. 18వ శతాబ్దం చివర బెర్తొలే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పొటాసియం క్లోరేటును కనుగొన్నాడు. దాని సహాయంతో 19వ శతాబ్దంలో చక్కని రంగులు సాధ్యమైనవి. స్ట్రాన్షియం ఎరుపును, బేరియం ఆకుపచ్చను, సోడియం పసుపును, రాగి నీలాన్ని ఇస్తాయి. వీటిలో ముదురు నీలాన్ని సాధించుట కష్టమని పనివారు చెప్పుతారు. మన దేశంలో 1920ల ప్రాంతాన శివకాశికి చెందిన నాడార్ సోదరులు కలకత్తాకు పోయి అగ్గిపెట్టెల పని నేర్చుకొని వచ్చినారు. ఆ ఊరే క్రమంగా దేశానికంతటికీ టపాకాయలు పంపే కేంద్రమైనది. రాజుల మైదానంలోని వేడుక ఈ విధంగా సామాన్యుని వాకిటికి దిగినది.

వాకిటికి దిగినను, నగరంలోని పెద్ద వేడుక మీది మోజు తగ్గలేదు. దానికి తోడైనది రైలు. నిజాము గ్యారంటీడు రైల్వేవారి మార్గం సికిందరాబాదు నుండి వరంగల్లు మీదుగా డోర్నకలుకు, 1889 నాటికి బెజవాడకు చేరినది. కేసముద్రానికి స్టేషను ఏర్పడినది. స్టేషను చుట్టును బజారు, వ్యవసాయ మార్కెట్టు పెరిగినవి. పెసలు, పసుపు, ప్రత్తి, ధాన్యం తెచ్చే రైతులతో ఈ మార్కెట్టు పేరు పొందినది. 2016లో కేసముద్రం మహబూబాబాదు జిల్లాలో చేరినను, పండుగ బట్టలకు, పండుగ వేడుకలకు ఓరుగల్లువైపు చూచే అలవాటు పోలేదు. ఇంటికన్నె, నెక్కొండ, చింతలపల్లి దాటితే వరంగల్లు స్టేషను. రంగలీల మైదానంలో రాముడు వదలిన బాణంతో పదితలల ప్రతిమ అంటుకొని, లోపలి టపాకాయలు ఒక్కుమ్మడిగా మ్రోగే దృశ్యం చూడడానికి చుట్టుపట్ల పల్లెల నుండి జనం తరలివస్తారు.

రైలు మార్గం ప్రక్కన బ్రతికే మనకు 2018 దసరా ఎన్నటికీ మరువరాని పాఠం. ఆ ఏడు అక్టోబరు 19న పంజాబులోని అమృత్‌సర్‌లో, జోడా ఫాటక్ అనేచోట రైలు పట్టాల ప్రక్కనున్న మైదానంలో రావణదహనం జరిగినది. బాగుగా కనబడునని కొందరు పట్టాల మీద నిలిచినారు. ప్రతిమ అంటుకొనగానే, నిప్పుకు వెనుదీసిన మరికొందరు కూడ పట్టాల మీదికి చేరినారు. టపాకాయల మోతలో రైలు రాక వినబడలేదని బ్రతికినవారు చెప్పినారు. కొద్ది క్షణాలలో దాదాపు 60 మంది చనిపోయినారు. పొగ కన్నులను, మోత చెవులను కప్పివేసినవి. వేగంగా వచ్చే రైలు బ్రేకు వేసిన తరువాత ఆగడానికి ఇంచుమించు కిలోమీటరు దూరం కావలసివస్తుంది. డ్రైవరు చూచిన పిమ్మట చేయగలిగినది స్వల్పం. మన మార్గం ఢిల్లీకి, చెన్నపట్నానికి నడుమ పగలు రాత్రి బండ్లు పరుగెత్తే ప్రధాన మార్గం. కట్ట ఎత్తుగా ఉన్నది, అక్కడి నుండి బాగుగా కనబడుతుంది అన్న ఆలోచన పండుగనాడు ఎవరికైనను రావచ్చును. అది రానీయరాదు. పట్టాల మీద నిలుచుట 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం నేరం కూడాను. చట్టం మాట అటుంచి, బాణసంచా మ్రోగేచోట చెవి మనకు సాక్ష్యం చెప్పదన్నది ముఖ్యం.

నిల్వ ఉంచిన మందు మరొక అపాయం. 2016 ఏప్రిల్ 10న తెల్లవారుజామున కేరళలోని కొల్లం జిల్లాలో, పుట్టింగల్ దేవాలయ ఉత్సవంలో నిప్పురవ్వ ఒకటి బాణసంచా దాచిన గదిపై పడినది. నూరుమందికి పైగా మరణించినారు. మన వరంగల్లులోనే 2018 జూలై 4న బాణసంచా గోదాములో జరిగిన విస్ఫోటంలో అక్కడ పనిచేసే కూలీలు పలువురు ప్రాణాలు కోల్పోయినారు. పది నిమిషాల వెలుగు కొరకు ఎవరెవరు ఎట్టి చోట్ల పనిచేస్తున్నారో, పండుగనాడైనను ఒకసారి తలచుకొనుట మన విధి.

ఇన్ని ఘటనలను విన్నవారు, ఇక పోకపోవుటే మేలని తలచవచ్చును. మా అభిప్రాయం అది కాదు. లక్షలమంది ఏటేటా చూచి సుఖంగా ఇల్లు చేరుతున్నారు. వేడుకకు పోయేవారు చరిత్ర చెప్పిన మూడు సంగతులను మనస్సునందుంచుకొంటే చాలును: నిలిచే చోటు, వెలుపలికి పోయే దారి, మరలే వేళ. వాటిని వరుసగా విన్నవిస్తాము.

మొదట ప్రయాణం. పొద్దు ఉండగానే నగరానికి చేరవలెను. వెలుతురులో మైదానాన్ని ఒక చుట్టు చుట్టి వస్తే కాలువ ఎక్కడ, గుంట ఎక్కడ, తీగ ఎక్కడ, ఏ గేటు వెడల్పు, ఏది ఇరుకు అన్నది తెలుస్తుంది. పారిస్ జనానికి గుంటలు తెలియనిది చీకటి వలననే గదా. వచ్చిన గేటు కాక మరొక గేటును కూడా గుర్తుపెట్టుకోవలెను. తిరుగు బండి ఎప్పుడో, అది తప్పితే తరువాతిది ఏదో ముందుగానే విచారించుకోవలెను. తప్పిపోయినవారు కలుసుకొనడానికి ఒక గుర్తు, గుడి గాని పెద్దచెట్టు గాని, మైదానానికి వెలుపల నిర్ణయించుకోవలెను. పిల్లల జేబులో తండ్రి పేరు, ఊరిపేరు, ఫోను నెంబరు వ్రాసిన చీటీ ఉంచవలెను. జనం కిక్కిరిసినచోట సెల్‌ఫోను మాట కలవకపోవచ్చును. చీటీ ఎప్పుడూ పలుకుతుంది.

ఉడుపు విషయం చిన్నదిగా తోచును గాని చిన్నది కాదు. నిప్పురవ్వ పడితే నూలుబట్ట కాలుతుంది. నైలాను, పాలిస్టరు బట్ట కరగి ఒంటికి అంటుకొంటుంది. పండుగకు కొన్న పట్టుపావడ, మెరుపు ఓణీ ఇంటివద్ద తొడుగుకోవచ్చును. మైదానానికి నూలుబట్ట, కాలికి మూసిన చెప్పులు మేలు. వేలాడే కొంగు, పైట నడుమున దోపుకోవలెను.

నిలిచే చోటును గాలినిబట్టి నిర్ణయించవలెను. గుప్పెడు దుమ్ము పైకి చల్లితే గాలి ఎటు వీస్తున్నదో తెలుస్తుంది. గాలి మన వీపు మీది నుండి ప్రతిమవైపు పోవలెను. అప్పుడు పొగ, రవ్వలు మనమీదికి రావు. రంగులు కూడ స్పష్టంగా కనబడుతవి. ప్రతిమ కూలితే ఎంత దూరం పడునో అంతకు రెండింతల దూరమైనను ఉండవలెను. మందు దించే బండికి, నిల్వగుడారానికి సమీపాన ఎంత మంచి చోటు దొరికినను నిలువరాదు. గోడ మీద, పిట్టగోడ మీద, విద్యుత్తు స్తంభం చెంత, పాతమిద్దె అంచున నిలుచుట అనుచితం. ఉబ్బసం గలవారు, గర్భవతులు, చంటిబిడ్డ తల్లులు దూరాన ఏ బంధువుల మిద్దె మీద నుండియో చూచుట ఉత్తమం. దూరం నుండి చూచుట కూడ ఒక సొగసే. వెలుగు కనబడిన తరువాత మోత వినబడడానికి పట్టే క్షణాలను పిల్లలచేత లెక్కపెట్టించండి. ధ్వని క్షణానికి సుమారు 340 మీటర్లు పోతుంది. మూడు క్షణాలకు ఒక కిలోమీటరు. బడిలో చదివిన పాఠం ఆకాశం మీద ఋజువవుతుంది.

పసిపిల్లల చెవులను కాపాడుట ముఖ్యం. పెద్ద టపాకాయ మోత చెవినరాలకు శాశ్వతమైన హాని చేయగలదు. దూది కొంతవరకే పనిచేస్తుంది. మోతకు దూరంగా నిలుచుట, అరచేతులతో చెవులు మూయుట అంతకంటె మేలు. పేలక నేలమీద పడిన టపాకాయను పిల్లలు ఏరుకోరాదు. అది ఆరినదా, లోలోపల రాజుకొంటున్నదా అన్నది చూపుతో తెలియదు.

జనం దట్టమవుతున్నదో లేదో కనిపెట్టడానికి ఒక సులువు ఉన్నది. చేతులు స్వేచ్ఛగా ఎత్తి ముఖం తుడుచుకోగలిగినంతవరకు భయం లేదు. ఒక చదరపు మీటరు నేలలో అయిదుగురికి మించి ఉన్నారనిపిస్తే, వేడుక ఎంత రంజుగా ఉన్నను అంచుకు తరలిపోవలెను. తొక్కిసలాటలో చాలమంది చనిపోయేది కాళ్లక్రింద పడి కాదు. నిలువుననే ఊపిరి ఆడక. కాబట్టి నెట్టుడు మొదలైతే రెండు చేతులను ముడిచి రొమ్ముకు ముందు అడ్డముంచుకొని, ఊపిరికి చోటు చేసుకోవలెను. ప్రవాహానికి ఎదురు నిలువక, ఒత్తిడి సడలినప్పుడెల్లా అడ్డదిడ్డంగా ప్రక్కకు జరుగవలెను. క్రింద పడిన చెప్పు కొరకు, సెల్‌ఫోను కొరకు వంగరాదు. పిల్లలను ఎత్తుకోవలెను. 'ముందు పిల్లలున్నారు, నెట్టవద్దు' అని వెనుకకు కేకవేసి చెప్పుట ప్రతివాని ధర్మం; వెనుకనున్నవారికి ముందటి సంగతి తెలియకపోవుటే పెక్కు ప్రమాదాలకు మూలం.

ఇక మరలే వేళ. మేము అన్నిటికంటె గట్టిగా చెప్పదలచినది దీనినే. ప్రతిమ కూలగానే అందరూ ఒక్కసారి గేటువైపు తిరుగుతారు. ఆ సమయంలో రెండే మార్గాలున్నవి. చివరి మోతకు ముందే అంచుకు చేరి బయలుదేరుట ఒకటి. అందరూ పోయినదాక ఉన్నచోటనే కూర్చుండుట రెండవది. ఇంటి నుండి పులిహోరయో, సకినాలో, నీళ్ల సీసాయో తీసుకొనిపోతే అర్ధగంట తేలికగా గడుస్తుంది. పిల్లలు ఏది బాగున్నదో చెప్పుకొంటారు, జనం పలచబడుతుంది. స్టేషనులోని నడవంతెన మీద రద్దీ ఉంటే క్రిందనే ఆగవలెను. అకాషి వంతెనను తలచుకోవలెను. ఆలస్యమైనదని పట్టాల మీదుగా దాటరాదు. తలుపు వద్ద వ్రేలాడుతూ బండి ఎక్కరాదు. ఒక బండి పోతే మరొక బండి వస్తుంది.

జాగ్రత్తపడినను ఎవరికైనను చర్మం కాలితే, ఆ చోటును చల్లని పారే నీటి క్రింద ఇరవై నిమిషాలు ఉంచవలెను. సిరా, పసుపు, వెన్న, పండ్లపొడి పూయరాదు; అవి వేడిని లోపలనే నిలుపుతవి, వైద్యునికి గాయాన్ని కనబడనీయవు. బొబ్బలు చిదుపరాదు. కంటికి దెబ్బ తగిలితే నలుపరాదు, కడుగుటకు తొందరపడరాదు. శుభ్రమైన గుడ్డతో ఒత్తకుండ కప్పి వెంటనే ఆసుపత్రికి పోవలెను. 108కు ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. నగరంలో మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి ఉన్నది.

ప్రభుత్వానికి, న్యాయస్థానాలకు కూడ ఈ విషయంలో పూనిక కలిగినది. టపాకాయల మోతకు దేశంలో ఒక హద్దు ఏర్పడి ఉన్నది. రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు మోతగల టపాకాయలు కాల్చరాదని సుప్రీంకోర్టు 2005లో ఆదేశించినది. కాలుష్యం తక్కువగా ఉండే రకాలనే వాడవలెనని 2018లో చెప్పినది. నియమాలు పైనుండి వస్తవి. నిలిచే చోటును ఎన్నుకొనుట మాత్రం మన చేతిలో ఉన్నది. అట్లని బాధ్యత అంతా చూపరిదే యనుట అన్యాయం. మైదానానికి తగినన్ని వెడల్పైన గేట్లు, రాక పోకలకు వేరువేరు దారులు, దీపాలు, మంచినీరు, అగ్నిమాపక యంత్రం ఏర్పాటు చేయుట నిర్వాహకుల విధి. రైలు మార్గానికి చేరువన వేడుక పెట్టదలచిన ఏ ఊరివారైనను రైల్వేవారికి ముందుగా తెలియజేసి, కట్టవైపు కంచె వేయించవలెను. విజయనగరంలో ఆనాడు ద్వారం ముందర కావలివారిని నిలిపిన పద్ధతి నేటికీ పనికివచ్చేదే. కొరడా మాత్రం అవసరం లేదు.

ఇంట ఉండిపోయే ముసలివారిని, దొడ్డిలోని పశువులను కూడ మరువరాదు. మోతకు బెదరి ఎడ్లు పలుపు త్రెంచుకొనిపోవుట పల్లెలో ఎరిగినదే. గడ్డివాములు ఉన్నచోట తారాజువ్వ వెలిగించరాదు. ప్రత్తి ఇల్లు చేరే రోజులు, దీపావళి రోజులు ఇంచుమించు ఒకేకాలమన్నది రైతు సోదరులకు మేము చెప్పనక్కరలేదు.

అబ్దుర్ రజాక్ సముద్రాలు దాటివచ్చి చూచిన ఆ వెలుగు, నేడు కేసముద్రం నుండి టికెట్టు కొనిన ప్రతివానికీ దక్కుతున్నది. ఈ దసరాకు పోయే కుటుంబాలు పగటివేళనే గేట్లు చూచుకొని, గాలికి వీపుపెట్టి నిలిచి, వేడుక ముగిసిన పిమ్మట ఒక అర్ధగంట కూర్చుండి, పట్టాల దరికి పోక, పోయినవారందరూ పోయినట్లే ఇల్లు చేరవలెనని కోరుకొంటున్నాము.